ఏడుగురు పిల్లల్ని కొండ దాటించిన టీచరమ్మ

సోమవారం పొద్దున నేను పనిచేసే అరసికెరె బడిలో పిల్లల్ని ప్రార్థనకు వరుసల్లో నిలబెడుతుండగా మా ఊరు రాయచెర్లు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, టీచరమ్మ పోయింది. పక్కింటామె కాఫీ ఇచ్చేకి పోతే పలకలేదంట. నిద్రలోనే పోయినట్టుండాది" అన్నాడు. తొంభై దాటిన మనిషి. ఈ కబురు ఏదో ఒకరోజు వస్తుందని తెలిసిందే. అయినా ఫోన్ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పిల్లలు ప్రార్థన ముగించి, లోపలికి పోవాలో వద్దో తెలియక నా వైపే చూస్తున్నారు.

ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి వరకు నాకు చదువు చెప్పింది ఆమే. నేను టీచరునైంది ఆమెను చూసే. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ముసలివాళ్ళకూ పిల్లలకూ, ఆఖరికి ఆమెతో పనిచేసిన హెడ్ మేష్ట్రుకు కూడా ఆమె టీచరమ్మే. మావి గొర్రెలు కాసుకుంటూ, వాన పడితే వేరుశనగ వేసుకునే కుటుంబాలు. ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళు నాలుగైదుకు మించి లేవు. ఆమె తన దేవుణ్ణి దాచుకోలేదు, మా మీద రుద్దనూ లేదు.

బడి గుమ్మం పక్కన ఒక మట్టికుండ, దాని మీద ఇత్తడి చెంబు ఉండేవి. పాఠం మొదలయ్యేలోపు కుండ నిండాలి. గొర్రెల కాపరి కానీ, గాజులమ్మే మనిషి కానీ, దారిన పోయేవాళ్ళెవరైనా అడగకుండా ముంచుకుని తాగి పోవచ్చు. చెంబు చప్పుడైతే మేమంతా అటు తిరిగేవాళ్ళం. "తాగేవాళ్ళ మొగం చూడకూడదప్పా, బోర్డు చూడండి" అనేవారు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసేముందు చేతులు కలిపి ప్రార్థన చేసుకునేవారు. కానీ కళ్ళు మూసేవారు కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "టీచరమ్మా, దేవునికి మొక్కేటప్పుడు కండ్లు మూసుకోవాల కదా?"

"పిల్లోళ్ళు చుట్టూ ఉన్నప్పుడు నేను మూసుకోను పాపా. ఆయనేమీ అనుకోడులే" అని నవ్వారు. ఆ జవాబు వెనక ఏముందో నాకు మొన్నటిదాకా తెలియదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు వానలు బొత్తిగా లేకపోయాయి. అమ్మానాన్నలు గొర్రెలు తోలుకుని తుంగభద్ర కాలువల వైపు వెళ్ళారు. నన్నూ తమ్ముణ్ణీ అవ్వ దగ్గర వదిలారు. నెలకల్లా వస్తామన్నవాళ్ళు మూడు నెలలైనా రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. "మీ వాళ్ళు ఇంక ఆ పక్కనే నిలిచిపోయినారంట" అని సంతకు పోయొచ్చిన ఎవరో మా అవ్వతో అన్నారు. ఆ మాట విన్న రోజు బడి విడిచాక నేను ఇంటికి పోలేదు. గోడ వెనక కూర్చుని ఏడుస్తుంటే టీచరమ్మ వచ్చారు.

"ఏందే పాపా, ఈడ కూర్చున్నావు?"

"మా అమ్మోళ్ళు ఇంక రారంట టీచరమ్మా."

ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. పక్కనే నేల మీద కూర్చున్నారు. "నాకు పదేండ్లప్పుడు నాకూ ఇట్లనే చెప్పినారు. ఇను, చెప్తా" అన్నారు.

ఆమె నాన్న గుత్తి రైల్వేలో ఫిట్టరు. రంగూన్ రైల్వేలో పని దొరికి భార్యాపిల్లలతో బర్మా వెళ్ళాడు. అక్కడి తెలుగువాళ్ళ చర్చిలోనే ఆమె ప్రార్థన చేయడం నేర్చుకున్నారు. ఆమెకు పదేళ్ళు, తమ్ముడికి నాలుగేళ్ళు ఉన్నప్పుడు యుద్ధం వచ్చింది. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆరోజు రైల్వే షెడ్డుకు పనికి పోయిన నాన్న ఇంటికి రాలేదు. తల్లి రెండు రోజులు ఎదురుచూసి, పిల్లలిద్దర్నీ తీసుకుని, ఇరుగుపొరుగు తెలుగువాళ్ళ గుంపుతో కలిసి ఇండియాకు నడక మొదలుపెట్టింది. అదే దారిలో వేలమంది నడుస్తున్నారు. ప్రోమ్ అనే ఊరి దగ్గర, నది ఒడ్డున, తల్లికి కలరా తగిలింది. జబ్బుపడినవాళ్ళని వేరే పాకలో పెడుతున్నారు. పిల్లల్ని లోపలికి రానివ్వలేదు.

తల్లి పాకలో నుంచే గొంతు పెంచి చెప్పింది. "మూటలో నా చీర ఉండాది, చలికి కప్పుకోండి. తమ్ముణ్ణి వదలొద్దు. యేసయ్యను వదలొద్దు. నాకు నయమైతానే వెనకాల వస్తా. గుత్తిలో కలుసుకుందాం."

ఇది చెప్పేటప్పుడు టీచరమ్మకు నవ్వొచ్చింది. "గుత్తి ఎంత దూరమో నాకేం తెలుసు పాపా? సంతకాడ కలుసుకుందాం అన్నట్టు చెప్పింది మాయమ్మ!"

నది దాటాక వచ్చిన కొండదారిలో తల్లిదండ్రులు తప్పిపోయిన పిల్లలు ఒక్కొక్కరే ఆమెకు తోడయ్యారు. ఒకరిది తమిళం, ఒకరిది ఒడియా, ఒక చిన్నదానికి బర్మా మాట తప్ప ఏమీ రాదు. తమ్ముడితో కలిపి ఏడుగురు. తల్లి చీరకు ఏడు ముడులు వేసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కో ముడి ఇచ్చి, కొంగు తను పట్టుకుని ముందు నడిచింది పదేళ్ళ పిల్ల. ముడి వదిలినవాళ్ళు పాట మొదలుపెట్టాలని నియమం. నడవలేక ఎవరైనా కూలబడి ఏడిస్తే, "యేసయ్య కూడా పసిబిడ్డగా ఉన్నప్పుడు రాజు సైనికుల నుంచి తప్పించుకుని పరాయి దేశానికి పోయినాడు. ఈ నడక ఆయనకు తెలుసు. లెయ్" అని చెప్పేది. ఆ మాట భాష తెలియనివాళ్ళకు ఎలా అర్థమైందో ఆమెకూ తెలియదు. కానీ లేచేవాళ్ళట.

సముద్రం ఒడ్డున ఓడ ఎక్కించే అధికారి పెద్దవాళ్ళు లేని పిల్లల్ని విడదీసి పక్కన కూర్చోబెడుతున్నాడు. తెలుగు తెలిసిన కూలీ ఒకడి చేత అడిగించాడు.

"ఈళ్ళంతా ఎవరు?"

"మా తోబుట్టువులు సార్."

"ఏడుగురూనా?"

"ఏడుగురూ."

ఒకరి ముఖానికి ఇంకొకరి ముఖానికి పోలిక లేదు. అధికారి ఆ చీరను, ముడులను పట్టుకున్న చేతులను చాలాసేపు చూశాడు. తర్వాత ఓడ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ ఒక్క అబద్ధానికి క్షమించమని దేవుణ్ణి అడిగినా. ఇంతవరకు ఏమీ అనలేదు. ఆయన లెక్కలో అది నిజమేనేమో" అన్నారు టీచరమ్మ.

కలకత్తాలో మిగతా ఆరుగురినీ ఎవరి భాషవాళ్ళు వాళ్ళు తీసుకువెళ్ళారు. మీది ఏ ఊరని అడిగితే ఆమె చెప్పగలిగింది ఒక్కటే మాట, గుత్తి. రైలెక్కించి పంపారు. అక్కడున్న అమ్మమ్మ అప్పటికే చనిపోయింది. అక్కాతమ్ముళ్ళను మిషన్ హాస్టల్లో చేర్చుకున్నారు. నాలుగేళ్ళు గడిచాయి. ఆమె ప్రతి సాయంత్రం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే ప్రార్థన చేసేది. "మాయమ్మ వస్తా ఉండాది. దారిలో ఉండాది. ఆమెకు ఎవరి చేతనైనా నీళ్ళిప్పించు స్వామీ." అమ్మను పంపించమని అడగలేదు. వస్తున్నదని ఆమెకు అనుమానమే లేదు. చూసుకోవలసింది దాహమే. హాస్టలు చూసుకునే పెద్దమ్మ జాలిపడి, "ఇంక చాలు బిడ్డా, మీయమ్మ దేవుని దగ్గరికి పోయిందనుకో" అని నచ్చజెప్పేది. "దేవుని దగ్గరికి పోయుంటే ఆయన నాకు చెప్పుండేవాడు కదా పెద్దమ్మా" అనేదట.

యుద్ధం అయిపోయి ఓడలు తిరగడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం హాస్టలు గేటు దగ్గర బక్కచిక్కిన ఆడమనిషి ఒకామె వచ్చి నిలబడింది. బట్టలుతుకుతున్న కూతురు తలెత్తి చూసింది. అరవలేదు, పరుగెత్తలేదు. ముందు లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. తల్లి చెంబెడూ తాగి, అప్పుడు మాట్లాడింది.

"గుత్తి శానా దూరముండాది పాపా."

నాన్న మొదటిరోజే షెడ్డులో పోయాడని తల్లి ద్వారానే తెలిసింది. ఆ దుఃఖం వాళ్ళు ముగ్గురూ కలిసి పడ్డారు. తల్లిని గుర్తుపట్టని తమ్ముడు మూడు రోజులు అక్క వెనకే దాక్కుని, నాలుగో రోజు తల్లి ఒళ్ళో పడుకున్నాడట.

అంతా విని నేను కళ్ళు తుడుచుకున్నాను. "నాకు మీ దేవుడు తెలీదు కదా టీచరమ్మా?"

"నీ దేవుణ్ణే అడుగు. మీ అవ్వ ఎవరికి మొక్కుతాదో ఆయన్నే అడుగు. వస్తారా రారా అని అడగొద్దు. వస్తా ఉండారు, నీళ్ళిప్పించు అని అడుగు."

అలాగే అడిగాను, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. ఇంకో పదిరోజులకు మిట్టమధ్యాహ్నం వీధి చివర మా గొర్రెల గంటలు వినిపించాయి. నేను బడిలో ఉన్నాను. టీచరమ్మ పాఠం ఆపి, కుండ వైపు చూపించి, "చెంబు ఎత్తుకో" అన్నారు. ఆ చెంబుతో దారి పొడుగునా నీళ్ళు ఒలకబోసుకుంటూ పరుగెత్తాను. అమ్మకు చేరినవి రెండు గుక్కలే. అమ్మ ఇప్పటికీ ఆ రెండు గుక్కల గురించి చెబుతుంది.

పదవీ విరమణ చేశాక టీచరమ్మ ఊరు విడిచిపోలేదు. తల్లిని చివరిదాకా తన దగ్గరే పెట్టుకున్నారు. మా పొలాలు సోలార్ పార్కు కిందికి పోయి, ఊరి చుట్టూ నీలిరంగు పలకలు పరుచుకున్నాక కూడా ఆదివారాలు ఆమె తన ఇంట్లో నడిపే పిల్లల తరగతి ఆగలేదు. తల్లిదండ్రులు పనికోసం బెంగళూరు పోయి, అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. ఏ దేవునికి మొక్కే ఇంటి పిల్లలైనా ఆమె మంచం చుట్టూ చేరేవాళ్ళు. బర్మా భాషలో పది దాకా లెక్కపెట్టడం మా ఊరి పిల్లలందరికీ వచ్చు.

పోయిన నెల చూడ్డానికి వెళితే నాకు పరీక్ష పెట్టారు. "నీ బళ్ళో నీళ్ళుండాయా?"

"ఫిల్టరుండాది టీచరమ్మా."

"అది లోపలుంటాది. గుమ్మం కాడ ఏముండాది?"

మర్నాడే పావగడలో కుండ కొని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను.

మంగళవారం చర్చిలో ప్రార్థన జరిగింది. చిన్న గది, లోపల సగం మంది, బయట ఊరంతా. గుత్తి నుంచి ఆమె తమ్ముడు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, రైల్వేలోనే చేసి రిటైరయ్యారు. కర్ర ఊతంగా లేచి, శవపెట్టె పక్కన నిలబడి మాట్లాడారు.

"మాయక్క మీకందరికీ కొండ కథ చెప్పుంటాది. ఒక ముక్క చెప్పుండదు. అది నేను చెప్తా. కొండ ఎక్కిన మూడోరోజు నాకు జ్వరం వచ్చింది. మా గుంపు పెద్దాయన, 'పిల్లోణ్ణి ఈడ నీడలో పడుకోబెట్టు పాపా, వెనకాల బండ్లొస్తాయి, ఎత్తుకుంటారు, నువ్వు నడువు' అన్నాడు. బండ్లు రావని అందరికీ తెలుసు. మాయక్క కూర్చునింది. 'మీరు పోండి మామా, మేమీడనే ఉంటాము' అనింది. వాళ్ళు పోయినారు. పదేండ్ల పిల్ల."

ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

"కండ్లు మూసుకుని నా కోసం ప్రార్థన చేసింది. కండ్లు తెరిచేలోపల నేను జ్వరం తిక్కలో లేచి లోయ అంచుకు పోయినా. కాలు పట్టి లాగింది. ఆరోజు నుంచి కండ్లు తెరిచే ప్రార్థన చేసింది. అమ్మ చీరతో నన్ను వీపుకు కట్టుకుని లేచింది. జ్వరం తగ్గి నేను నడిచినాక, దారిలో ఇట్లనే వదిలిపెట్టిన పిల్లోళ్ళు కనపడితే ఒక్కర్ని కూడా దాటుకుని పోలేదు. వాళ్ళు తప్పిపోయినోళ్ళు కాదు. నా మాదిరి వదిలేసినోళ్ళు. వాళ్ళకది తెలీకూడదని తప్పిపోయినోళ్ళు అని చెప్పింది. మీకూ అట్లనే చెప్పింది."

తనను వదిలిపోయిన ఆ పెద్దాయన మీద ఆయనకు చాలా ఏళ్ళు కోపం ఉండేదట. ఒకరోజు ఆ కోపం అక్క ముందు వెళ్ళగక్కితే ఆమె అన్న మాట కూడా చెప్పారు: "ఆయన చెడ్డోడు కాదప్పా. భయపడినాడు. నేనూ భయపడినా. ఆయన భయం నడువు అనింది, నా భయం కూర్చో అనింది. కూర్చున్నాక దేవుడొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంక భయం యాడుండాది?"

అప్పుడు ఆ ముసలాయన మా వైపు తిరిగారు. "ఏడవొద్దండి. నాకు ఎనభై ఏండ్ల ఆయుష్షు ఇచ్చి పోయింది. నా బిడ్డలు, వాళ్ళ బిడ్డలు, ఇదో ఈడ నిలబడినారు. అందరూ ఆ కొండ మీద ఆమె వీపు మీదే ఉండినారు. గట్టిగా పాడండి."

పాడాం. పాట తెలిసినవాళ్ళు తెలిసినట్టు, తెలియనివాళ్ళు పక్కవాళ్ళ నోరు చూస్తూ. మా అమ్మ కూడా పాడింది, రాగం మాత్రం మా గొర్రెల దేవర పాటది. ఎవరూ తప్పనుకోలేదు.

సమాధుల తోటకు దారి సోలార్ కంచెల మధ్య నుంచి పోతుంది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పిల్లలు ముందు, పెట్టె మోసేవాళ్ళు వెనక. సగం దారిలో ఎదురుగా ఒక పెద్ద మంద వచ్చింది, మూడొందల గొర్రెలకు తక్కువుండవు. రెండు పక్కలా కంచె, తప్పుకునే చోటు లేదు. మోసేవాళ్ళు ఆగబోయారు. పిల్లలు ఆగలేదు, పాడుతూనే నడిచారు. కాపరి తలపాగా తీసి చంకలో పెట్టుకుని, నాలుక మడిచి ఒక ఈల వేశాడు. మంద మధ్యలో చీలి, సగం ఈ కంచె వారకూ సగం ఆ కంచె వారకూ ఒదిగింది. నడుమ తెరుచుకున్న దారిలో అందరికంటే ముందు, రెండో తరగతి చదివే పిల్ల ఒకతి చేతులు రెండూ బార్లా చాపి, అటూ ఇటూ గొర్రెల వీపులు నిమురుకుంటూ, గొంతెత్తి పాడుతూ నడిచిపోయింది.