కోసేసిన పైసలు

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతు దాటలేదు. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడమే సులువనిపిస్తోంది. ఒక మంచి మనిషి మీద దొంగ అనే ముద్ర పడుతుంటే, అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరుకున్నాను. ఊరుకున్నాననడం కూడా సగం నిజమే.

తొంభైల నడుమ, నార్కట్‌పల్లి దగ్గర ఒక పాల కేంద్రంలో కంప్యూటర్ పెట్టారు. నా కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. నల్గొండ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకం చదివి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. కేంద్రంలో పాల లెక్కల ప్రోగ్రాం నేనే రాశాను. రైతులు ‘కంప్యూటర్ సారు’ అంటుంటే ఛాతీ పొంగేది.

పోసిన పాలను, అందులోని వెన్నను బట్టి ప్రతి పూటా రైతుకు సొమ్ము లెక్క కట్టేది కంప్యూటర్. అది నిండు పైసల్లో తేలేది కాదు, పైసలో ముక్క మిగిలేది. రైతుకిచ్చే చిట్టీ మీద అచ్చు వేసేటప్పుడు దాన్ని దగ్గరి పైసకు సర్దమని రాశాను. నిల్వ చేసేటప్పుడు మాత్రం ఆ ముక్కను కోసేయమని రాశాను. పైసలో ముక్క ఎవరికి లెక్క? కానీ బ్యాంకు నుంచి ఎంత తేవాలో చెప్పేది కోసేసిన అంకెల మొత్తం. పక్షానికోసారి రైతులకు పంచేది చిట్టీల ప్రకారం. వందల మంది రైతులు, రెండు పూటలా పాలు. పక్షం తిరిగేసరికి ఆ ముక్కలే రూపాయలయ్యేవి.

పంచేవాడు క్యాషియర్ ఖాజా భాయి. తక్కువ పడితే క్యాషియరే జేబులోంచి నింపాలి, అది మా కేంద్రం ఆనవాయితీ. కొన్ని పక్షాలు నింపాడు. ఇక చేతకాక నా దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, జర నీ కంప్యూటర్ డబ్బను అడుగు. నా మీద ఏం పగ వట్టిందో.”

నవ్వాను. “మిషన్ తప్పు చెయ్యదు ఖాజా భాయ్. మనిషే చేస్తడు.”

“గట్లనా? మరి దానికి లెక్కలు నేర్పింది మనిషే గదా!”

తనూ నవ్వి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, తేలికని దాటేసిన అధ్యాయం తెరిచాను. సొమ్మును ఒక్కసారే సర్ది, నిండు పైసలుగా నిల్వ చెయ్యాలి. చూపించేదీ కలిపేదీ ఆ అంకే కావాలి. అంత చిన్న సంగతి. చెవులు వేడెక్కాయి. చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

అంతలో కొరత సంగతి పాల కేంద్రం కమిటీ దాకా పోయింది. అందరి ముందూ అధ్యక్షుడు నన్నడిగాడు. “కంప్యూటర్ లెక్కల ఏమన్న ఫరక్ ఉన్నదా?” లేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చిల్లర దొరకనప్పుడు ఖాజా భాయి పావలాకు బదులు పిప్పరమెంట్లు ఇచ్చేవాడు, అవీ తన పైసలతో కొన్నవే. “ఆ పిప్పరమెంట్ల సంగతేందో చూడుండ్రి” అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

వెనక నుంచి ఒక రైతు అందుకున్నాడు. “ఖాజా, మాకు పిప్పరమెంట్లు వెట్టి పావలాలు నువ్వు మింగినవా!” అందరూ నవ్వారు. ఖాజా భాయి వాళ్లను చూడలేదు. నన్నే చూశాడు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వారమే ఎవరికీ తెలియకుండా ప్రోగ్రాం సరిచేశాను. ఆ తర్వాతి పక్షం పైసా తేడా రాలేదు.

“చూసిన్రా, ఖాజా పోంగనే కొరత వోయింది” అన్నారు జనం.

నా తప్పు దిద్దుకోవడమే అతని మీద రుజువైంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. ‘సారు’ అన్న పిలుపు పోతుందని భయమా? పుస్తకాలు చదివి పైకొచ్చానన్న గర్వమా? ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు. అతను ఇల్లు ఖాళీ చేసి మక్తల్‌లో బంధువుల దగ్గరికి పోయాడని విన్నాను. మక్తల్ ఎంత దూరం? బస్సెక్కితే అదే రోజు చేరొచ్చు. ఎక్కలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఖాజా భాయి దొంగ కాదు. తప్పు లెక్క రాసింది నేను, తెలిసీ ఆయన మీదికి తోసింది నేను. ఈ రెండు మాటలూ ఒకచోట పెట్టి రాయడం ఇదే మొదటిసారి.