ఎర్ర పీలిక, తెల్ల పీలిక

ఎద్దులు తొమ్మిది, ఆవులు ఆరు, దూడలు ఐదు. ఒక్క వానాకాలంలో మా ఊళ్లో గురక జబ్బుకు పోయినవి ఇరవై. మరుసటి ఏడు ఇంకో ఆరు పోయాయి. గొంతు వాచి, గురక పెట్టి, పొద్దున మేసిన పశువు మాపటికి కాళ్లు చాపేది. దున్నక బీడుపడ్డ చెలకలను లెక్కలో వేయలేదు. వాటిని మళ్లీ దున్నుకోవచ్చు.

బస్తరు సంస్థానంలో కొంటాకు దగ్గరి ఊరు మాది. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. కలప డిపోలో దుంగలు కొలుస్తూ నేర్చుకున్నాను. రెండో ఏడు వానలకు ముందు, క్రిముల మీద పరిశోధన చేసే ఆయన ఒకరు కోస్తా నుంచి శబరి నది దాటి వచ్చి, పశువుల తలలు లెక్కించడానికి నన్ను పెట్టుకున్నారు.

అప్పటికి మిగిలినవి పద్నాలుగు. అందులో రెండు మా అక్కవి. బావ పోయాక ఆ జతతోనే ఆమె సేద్యం.

ఆయన ఊక నింపిన పెట్టెలోంచి రెండు సీసాలు తీశారు. ఒక సీసా నుంచి ఏడింటికి సూది వేసి కొమ్ముకు ఎర్ర గుడ్డపీలిక కట్టించారు. రెండో సీసా నుంచి ఏడింటికి వేసి తెల్ల పీలిక కట్టించారు. పశువు పశువుకూ వివరం రాసుకోలేదు. పీలికే గుర్తు అన్నారు.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఏందిరా తమ్ముడూ, మందొక్కటే అయితే సీసాలు రెండెందుకు?"

అదే ఆయన్ని అడిగాను.

"ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త ఉప్పునీళ్లు. రెండు గుంపులూ పోల్చితేగానీ మందు పనిచేసిందో లేదో తేలదయ్యా."

"ఏది మందు సార్?"

"చెబితే ఉప్పునీళ్ల వాళ్లు నన్ను శబరిలో ముంచరూ?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సగం పశువులను జబ్బుకు వదిలి లెక్క కట్టే మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

చచ్చినదాని చెవి నెత్తురు గాజుపలక మీద పూసి ఎలా ఆరబెట్టాలో నేర్పి, వేరే ఊళ్లకు వెళ్లిపోయారు.

వానలు పడకముందే అక్క దాపటెద్దు కూలింది. గొంతు వాచలేదు, గురక లేదు. సూది దిగినచోట మాత్రం గట్టిగా గడ్డ ఉంది. మొదటి పలక దానిదే. తర్వాత వానలతో జబ్బు వచ్చి ఐదు పోయాయి. వాటన్నిటికీ గొంతు వాచింది.

ఆయన తిరిగొచ్చి నా లెక్క చూస్తే చచ్చినవాటిలో మూడు ఎరుపు, మూడు తెలుపు. బతికున్నవాటిని చూసి మొహం మాడ్చుకున్నారు. "ఈ ముడులు నేను కట్టించినవి కావు. నువ్వు మార్చావా?"

అక్క అడ్డం వచ్చింది. "మా తమ్ముడి మీద పడతవేంది సారూ? విప్పింది మేము. సంతల బేరం కుదిరినంక కొన్నోడు కొమ్ముకు పీలిక కడతడు. నువ్వు కట్టిపోతివి. సర్కారోళ్లు తోలుకపోతరని ఆ మాపే విప్పినం. తెల్లారి నువ్వు మల్ల చూస్తనంటే, చేతికి దొరికింది కట్టినం."

"దేనికి ఏ రంగు ఉండేదో గుర్తుందా?"

ఎరుపే అసలు మందని ఊళ్లో అప్పటికే ఎవరో పుట్టించారు. పద్నాలుగింటిలో పదకొండు తమవి ఎరుపేనని ఇళ్లవాళ్లు ఒట్టేశారు. పక్కింటి తాత, "నీ రంగులు నీకే ఎరుక లేకుంటే మాకెట్ల ఎరుక?" అన్నాడు. ఆయన పెట్టె మీద కూలబడ్డారు.

అక్క మాత్రం వదల్లేదు. "నా దాపటిది సూదికి సచ్చిందా, జబ్బుకా? అది చెప్పు. సూదికైతే మిగిలినదాన్ని ఇంకెవర్నీ ముట్టనియ్య."

"సూక్ష్మదర్శినిలో ఆ పలక చూస్తే తెలుస్తుందమ్మా. క్రిమి ఉంటే జబ్బు. తప్పకుండా రాస్తాను."

పలకలకు నేనే అంకెలు వేసి ఇచ్చాను. చాలాకాలానికి ఉత్తరం వచ్చింది. రెండో పలక నుంచి ఆరోదాకా అన్నిటిలోనూ గురక క్రిమి ఉందట. మొదటి పలక ఊసే లేదు. అడుగుతూ రాశాను. జవాబు లేదు. దారిలో పగిలిందేమో. లేదా చూశాక రాయడం ఇష్టం లేకపోయిందేమో. అక్క రెండోదే నమ్ముతుంది. సూది వేసేవాళ్లు వస్తున్నారంటే తన ఒంటెద్దును అడవిలోకి తోలేస్తుంది. వద్దనడానికి గాని, మంచిదే అనడానికి గాని నా దగ్గర ఆధారం లేదు.

తీసుకెళ్లిన పలకలు ఆరు. వచ్చిన జవాబులు ఐదు. ఇప్పటికీ మాకు రావలసింది ఒకటి.