అతికేందుకు పోగులు

కంప్యూటర్ ముందు నుంచి లేచేటప్పుడు మా వదినది ఒకటే మాట: "అతికేతందుకు పోగులు ఇడిసిన గదా?"

మగ్గం మీద పడుగు అయిపోతే పాత పోగుల చివర్లు దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచి, వాటికి కొత్త పడుగు అతుకుతారు. తొంభైల్లో అశోక్ చౌక్ దగ్గరి మా కార్ఖానాలో చద్దర్ల డిజైన్లు వేసే ప్రోగ్రామ్ రాస్తూ ఆమె చేసిందీ అదే. ఏ లెక్క ఎందుకు పెట్టిందో పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో, మా ఇంటి తెలుగులో రాసేది.

"ఇంత రాసుడెందుకు? నువ్వున్నవ్ గదా!" అని అన్న విసుక్కునేవాడు.

వదిన కాన్పుకు నీలం నగర్‌లోని పుట్టింటికి వెళ్ళింది. అప్పుడే వెడల్పు చద్దర్లకు ఆర్డర్ వచ్చింది. ప్రోగ్రామేమో పాత వెడల్పు దాటనని మొండికేసింది. బాలింతను పిలవలేం, కాదంటే ఆర్డర్ పక్క కార్ఖానాకు పోతుంది. అన్నా నేనూ ఆమె రాసిన మాటలు చదువుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ మార్చేశాం. మగ్గం మీద నెమలి ఈ అంచు నుంచి ఆ అంచుకు పింఛం విప్పింది.

ఆ చద్దర్ తీసుకెళ్ళి వదిన ముందు పరిచాం. ఎలా మార్చారని అడగనే లేదు.

"నన్ను పిల్వకుండనే జేసిన్రా?"

అన్న తలూపాడు.

"గెల్సిన!" అంటూ ఒళ్ళో బిడ్డ ఉలిక్కిపడేలా చప్పట్లు కొట్టింది.