పన్నెండు ఉన్ని బంతులతో అల్ రయ్యాన్‌కు ఒక శుక్రవారం

మా బడి జట్టులో ముందు వరసలో ఆడిన గంగామణి, పోయిన దసరా తర్వాత ఖతార్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, చేతులు పడిపోకముందు ఒక్కపారి బంతాడుదాం, రా" అన్నది. ఆమె పంతొమ్మిదేళ్లుగా దోహా పక్కన అల్ రయ్యాన్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. అదే జట్టులో వెనక ఆడిన సుజాత, భర్త ఉద్యోగం వల్ల, దోహాలోనే అల్ మన్సూరాలో ఉంటుంది. నేను మెట్‌పల్లి దగ్గర ఉంటాను. మేం ఆడింది బాల్ బ్యాడ్మింటన్. జట్టుకు ఐదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి, బంతి నేలను తాకకూడదు. ఇప్పటి పిల్లలు చాలామంది చూసి ఉండరు. గెలిచిన ప్రతి ఆటలోని బంతినీ దాచుకోవడం మా అలవాటు. దానికి ఒక గుడ్డపేలిక కుట్టి, ఓడిన ఊరి పేరు రాసేవాళ్ళం. కెప్టెన్ని కాబట్టి ఆ బంతులన్నీ మా ఇంట్లో ఒక స్టీలు డబ్బాలో ఉండిపోయాయి. "అవి గూడ పట్కరా" అన్నది గంగామణి.

నేను వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. జిల్లా జట్టు ఎంపిక పోటీలకు పేర్ల జాబితా మా బడిలో కెప్టెనే రాసేది, డ్రిల్లు సారు సంతకం పెట్టేవారు. ఆ ఏడాది మా నాయన పోయారు. ఇంట్లో నా తర్వాత నలుగురు చెల్లెళ్ళు. ఆ పోటీల సర్టిఫికెట్ ఉంటే సర్కారు నౌకరీలో కోటా వస్తుందని విన్నాను. జాబితాలో గంగామణి పేరు ఉండవలసిన చోట నా పెద్ద చెల్లెలి పేరు రాశాను. గంగామణిని వాళ్ళింట్లో పంపరట అని సారుకు చెప్పాను. సారే నీ పేరు కొట్టేశారు అని గంగామణికి చెప్పాను. చెల్లెలికి నౌకరీ వచ్చింది. ఈ సంగతి ముప్పై ఏడేళ్ళుగా నేను దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈసారి గంగామణి ముందు కూర్చుని చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆ పోటీల్లో గెలిచిన బంతిని ఇన్నాళ్ళూ విడిగా దాచాను. దాన్ని కూడా డబ్బాలో వేశాను. దానితో పన్నెండు అయ్యాయి.

ఫిబ్రవరిలో వెళ్ళాను. ఆడాలన్నా తిరగాలన్నా అక్కడ అదే మంచి కాలం, ఏప్రిల్ దాటితే బయట నిలబడలేం. హైదరాబాద్ నుంచి దోహాకు నేరుగా వెళ్ళే విమానంలో నాలుగున్నర గంటలు పడుతుంది. రానూపోనూ నాకు ఇరవై ఎనిమిది వేలు అయింది. వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందే చూసుకోండి. శంషాబాద్‌లో తనిఖీ చేసే అబ్బాయి డబ్బా మూత తీసి ఒక బంతిని నొక్కి చూశాడు. "అల్లికల దారమా అమ్మా ఇది?" అని అడిగాడు. ఆడుకోవడానికి అన్నాను. నా తెల్లజుట్టు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుని మూత పెట్టాడు. ఆడేందుకు ఆరు కొత్త బంతులు, నాలుగు బ్యాట్లు పెద్ద పెట్టెలో వేశాను. అక్కడ తెల్లవారుజామున మంచు కురుస్తుంది, ఉన్ని తడిస్తే బంతి బరువెక్కి ఎగరదు. కొత్త బంతులను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకెళ్ళడం మంచిదైంది.

శుక్రవారం అక్కడ సెలవు. నేను దిగిన సుజాత ఇంట్లో నాలుగింటికి లేచి స్నానం, జపం ముగించాను. నోటికి బలమివ్వమని అడిగాను. అంతకు మించి ఏమీ అడగలేదు. మెట్రో టికెట్ రెండు రియాళ్ళే గానీ శుక్రవారం అంత పొద్దున్నే రైళ్ళు నడవవు, టాక్సీ తప్పదు. "దేవునికి చెప్పుడు అయిందా పెద్దక్కా? కింద టాక్సీ ఆయన మీటరు తిప్పుతాండు" అని సుజాత గుమ్మంలో నిలబడి పిలిచింది. బడిలో అందరికీ నేను పెద్దక్కనే. ఐదుంపావుకు బయలుదేరి, ఖాళీ రోడ్ల మీద ఇరవై నిమిషాల్లో అల్ రయ్యాన్ చేరాం. ఇరవై ఆరు రియాళ్ళు అయింది. గంగామణి పనిచేసే ఇంటి ప్రహరీ వెనక కట్టని జాగా ఒకటుంది, అక్కడ దిగాం.

గంగామణి అప్పటికే అక్కడ ఉంది. ముందురోజు సాయంత్రమే గులకరాళ్ళు ఏరేసి ఊడ్చిందట. పురుగు పట్టిన మైదాతో నేల మీద గీతలు గీసింది, మూలలు కూడా సరిగ్గా కలిపింది. రెండు ఇనుప గుంజలకు బట్టల తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీసింది. నన్ను చూసి దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "బక్కగైనవు అక్కా. ఉపవాసాలు ఎక్కువైనయా?" అన్నది. ఆమె అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఈ రోజు సాయంత్రం దాకా తనకు సెలవని, ఆట అయ్యాక సముద్రం ఒడ్డుకు పోదామని, అక్కడి నుంచి పాత బజారుకు పోదామని చెప్పింది. అవన్నీ తనూ సరిగ్గా చూడలేదట.

నాలుగో మనిషిగా అదే ఇంట్లో డ్రైవరు ఓబులేసును పిలిచింది. కడప జిల్లా మనిషి, నలభై దాటి ఉంటాయి. బ్యాట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను కబడ్డీ తప్ప ఏమీ ఆడల్యాదు గంగక్కా. ఈ పచ్చని దాన్ని యాడ కొట్టల్ల?" అన్నాడు. "నా దిక్కు రానియ్యకు సాలు. తప్పుకొని నిలబడు, నేనే కొట్టుకుంట" అన్నది గంగామణి. మా కాలం లెక్కన ఇరవై తొమ్మిది పాయింట్లకు ఆడాం. వాళ్ళిద్దరూ ఒకవైపు, నేను, సుజాత ఒకవైపు. మోకాళ్ళ వల్ల సుజాత కదలలేదు, మాటలు మాత్రం బాగా కదిలాయి. "ఏ గంగూ, గది గీత బయట పడ్డది, కండ్లు కనవడ్తలేవా?" అని మూడుసార్లు తగాదా పెట్టుకుంది. "గీత గీసింది నేనే. మైదా అంటింది సూడు బంతికి" అని గంగామణి బంతిని తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టింది.

గంగామణి ఆటలో ఒక కోత ఉండేది. బ్యాట్‌ను పైనుంచి పక్కకు లాగితే, బంతి తిరుగుతూ వచ్చి వల దాటిన వెంటనే కిందికి జారిపోయేది. దాన్ని అందుకున్నవాళ్ళు మా తాలూకాలో లేరు. ఆ ఉదయం కూడా నేను ఒక్కటీ అందుకోలేదు. యాభై రెండేళ్ళు వచ్చాయి, పంతొమ్మిదేళ్లుగా ఎసళ్ళ ముందు నిలబడి ఉంది, అయినా మణికట్టు అదే. ఇరవై తొమ్మిది, పదిహేడు. ఓబులేసు రెండు బంతులు కొట్టాడు, రెండూ ఆకాశానికే పోయాయి. "గెల్చినాం గదా, అదే సాలు" అని బ్యాట్ ఇచ్చేసి బండి కడగడానికి వెళ్ళాడు. ఆ గంటన్నర నేను సంతోషంగా ఉన్నాను. అది దాచను.

గోడ నీడలో చాప పరిచాం. సుజాత సర్వపిండి, ఫ్లాస్కులో చాయ తెచ్చింది. గంగామణి చేతులు తుడుచుకుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఉన్ని గట్టిపడి, రంగు వెలిసిపోయి ఉంది. ఒక్కొక్క పేలికనూ వేలితో సాపు చేసి చదివింది. "కోరుట్ల. గీళ్ళ కెప్టెన్ ఏడ్చింది, యాదికున్నదా? రాయికల్. ఆనాడు బస్సు దొర్కక నడిచొచ్చినం. ధర్మపురి. గిది నా కోతతోనే గెల్సినం." పదకొండింటినీ చాప మీద వరసగా పెట్టింది. పన్నెండోది తీసి పేలిక తిప్పి చూసింది. దాని మీద ఊరి పేరుకు బదులు జిల్లా పోటీలు అని నా చేతిరాతతో ఉంది.

"గిది మనది గాదు గదక్కా. గీ ఆట నేను ఆడలే" అన్నది.

నేను చెప్పాను. జాబితా, చెల్లెలి పేరు, సారుకు చెప్పిన అబద్ధం, ఆమెకు చెప్పిన అబద్ధం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సుజాత చాయ గ్లాసు కింద పెట్టింది. "గంగు ఎందుకు వస్తలేదని నేను బస్సుల అడిగిన నిన్ను. జరమొచ్చిందంటివి" అన్నది. అది నాకు గుర్తు లేదు. మూడో అబద్ధం కూడా ఉందన్నమాట.

గంగామణి ఆ పేలికను మళ్ళీ వేలితో సాపు చేసింది. తర్వాత, "సారు మా ఇంటికొచ్చిండు, ఎర్కేనా నీకు?" అని అడిగింది.

తెలియదు అన్నాను.

"ఆ పోటీలైనంక రెండుసార్లొచ్చిండు. హాస్టలుల సీటున్నది, ఆటలు నేర్పుతరు, తిండి గూడ వాళ్ళే పెడ్తరు, పిల్లను పంపమని మా అమ్మతోని చెప్పిండు. నేను తలుపెన్క కూసున్న. నా పేరు కొట్టేసినోడు మళ్ళ బుజ్జగియ్యనీకొచ్చిండు, లేనని చెప్పమన్న. రెండోసారి గూడ లేననే చెప్పింది మా అమ్మ. ఇంట్ల పంపరని నువ్వు చెప్తివి గద. నిజమే అనుకొని పోయిండు."

ఆ సంగతి నేను ఎన్నడూ వినలేదు. నేను చేసింది ఒక పోటీ వరకే అనుకున్నాను. ముప్పై ఏడేళ్ళు ఆ కొలతతోనే క్షమాపణ అడుగుతూ వచ్చాను.

"సారు సచ్చిపోయినప్పుడు నేను ఊర్లెనే ఉన్న" అన్నది గంగామణి. "లీవుల వచ్చిన. బడి పిల్లలందరు పోయిన్రు. పోదాం పా అని అమ్మ బతిమాలింది. నేను గడప దాటలే. ఇప్పుడు ఎవల కాళ్ళు మొక్కాలె?"

"రోజూ దేవుడికి చెప్పుకున్న గంగూ" అన్నాను. అంతకన్న మంచి మాట దొరకలేదు.

"దేవుని పేరు కొట్టేసినవా అక్కా, దేవునికి చెప్పుకోనీకి?" అన్నది. గొంతు పెంచలేదు. వంటింట్లో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. 

పదకొండు బంతులను మెడలోని స్కార్ఫ్ తీసి మూట కట్టుకుంది. పన్నెండోదాన్ని డబ్బాలో వేసి, మూత పెట్టి, నా ముందుకు జరిపింది. లేచి దుప్పటి విప్పింది, తాడు చుట్టింది. నేను సాయం వెళ్తే, "నువ్వు కూసో" అన్నది. "ఇంక తొమ్మిదే గదనే, సముద్రం కాడికి పోదామంటివి. నాతోనన్న రా" అని సుజాత ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎండెక్కింది. ఇంటి మందంత మధ్యాహ్నం అన్నానికొస్తరు, లోపల పనున్నది" అని గంగామణి చెయ్యి విడిపించుకుంది. చెప్పుతో మైదా గీతలు చెరిపింది, ఒక్క మూల కూడా మిగల్చకుండా. గేటు తెరిచి లోపలికి వెళ్ళింది. తిరిగి చూడలేదు.

మేం సామాను సర్దుకుని ఇంటి ముందు నుంచి పోతుంటే ఓబులేసు బండి తుడుస్తున్నాడు. "ఏమక్కా, అప్పుడే పోతాండారా? సాయంత్రం దంకా ఉంటారనె గంగక్క" అన్నాడు. అయిపోయింది అన్నాను. "మూడు శుక్రవారాలు సెలవు తీసుకోకుండా లోపల్నే పని చేసినాది, ఈ ఒక్క దినం కోసరం. మళ్ళా మేడం ఇట్లా దినమంతా ఇడ్సదు" అన్నాడు. గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

టాక్సీలో సుజాత ముందు సీట్లో కూర్చుంది. పొద్దున వచ్చేటప్పుడు నా పక్కన కూర్చుంది. ఇంటికి చేరాక భోజనం పెట్టింది, పక్క వేసింది, కావలసినవి అడిగింది. పాత మాటలు మాత్రం మాట్లాడలేదు. నేను ఇంకా నాలుగు రోజులు ఉన్నాను. చూడాలనుకునేవాళ్ళకు చెప్తున్నాను: సముద్రం ఒడ్డున నడవడానికి సాయంత్రం ఐదు తర్వాత బాగుంటుంది, పాత బజారుకు అల్ మన్సూరా నుంచి మెట్రోలో సులువుగా వెళ్ళవచ్చు. రెండూ ఒక్కదాన్నే చూశాను. గంగామణికి రోజూ ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. తిరిగి వచ్చేరోజు ఉదయం జపానికి కూర్చుంటే నోట నామం రాలేదు, డ్రిల్లు సారు పేరే వచ్చింది. చివరిదాకా అదే చెప్పుకున్నాను.

చెప్పాక మనసు తేలికైందా అని, ఇది చదివి చెల్లెళ్ళలో ఎవరైనా అడగవచ్చు. కొంచెం అయింది. నాకు చేదుగా ఉన్నది అదే. నా మీద నుంచి దిగిన బరువు ఎక్కడికీ పోలేదు, ఆ గేటు లోపలికి వెళ్ళింది. అన్నాళ్ళూ ఆమెకు కోప్పడటానికి ఒక మనిషి ఉన్నాడు, ఇప్పుడు ఆ మనిషి ముందు తలదించుకోవలసి వచ్చింది, ఆయన లేడు. నిజం చెప్పడానికి అంత దూరం వెళ్ళాను, ఖర్చు పెట్టాను, మొక్కుకున్నాను, ఆ ఆట కూడా ఆడాను. అన్నీ నా కోసమే చేశానని ఓబులేసు మాట విన్నాకే తెలిసింది. గల్ఫ్‌లో ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళను చూడబోయే వారికి ఒక్క సలహా. వాళ్ళు మీకు ఇచ్చే సెలవు రోజు ఎట్లా వచ్చిందో ముందే కనుక్కోండి, ఆ రోజు వాళ్ళు చూడాలనుకున్న చోటికి వాళ్ళను తీసుకెళ్ళండి. మీరు ఒప్పుకోవలసింది ఏదైనా ఉంటే టికెట్ కొనకముందే, మీ ఇంట్లో కూర్చుని ఫోన్ చేసి చెప్పండి. ఆ తర్వాత కూడా రమ్మంటే వెళ్ళండి.