టైల్ ఎందుకు పగిలింది

దోహాకు వచ్చిన మొదటి రెండేళ్ళు నేను హెల్పర్‌నే. సిమెంటు కలపడం, టైల్స్ మోయడం నా పని. కోత జోలికి పోయేవాణ్ణి కాదు. లెక్కలు రాక ఏడో తరగతితో బడి మానేశాను. కొలతల పని నా బుర్రకు ఎక్కదని అప్పుడే తీర్మానించుకున్నాను.

దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లా పని జరుగుతుండగా టైల్స్ కోసే మనిషి సెలవు మీద ఇంటికి పోయాడు. మా మేస్త్రీ హైదరాబాద్ ఆయన, యాభై దాటినవాడు. అందరం చాచా అనేవాళ్ళం. ఆయన కోత మిషన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాతోని కాదు చాచా," అన్నాను.

"కాదని నీకెట్ల తెల్సు? ఎన్నడన్న పట్టినవా?"

తిన్నని కోతలు బాగానే వచ్చాయి. గోడ మలుపు దగ్గర వేసే టైల్‌కు మాత్రం ఒక మూలను చదరంగా తీసెయ్యాలి. మొదటిది పగిలింది. రెండోదీ, మూడోదీ అంతే. సిగ్గుతో ముక్కల్ని ఖాళీ సిమెంటు సంచి కింద దాచాను.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి చాచా ఆ సంచి ఎత్తేశాడు. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన గొంతుక్కూర్చుని ముక్కల్ని మళ్ళీ టైల్స్‌లా జోడిస్తున్నాడు.

"ఇటు రా బేటా. మూడు ఒక్క తాన్నే పగిలినయ్. ఎందుకంటవ్?"

"నా చెయ్యి మంచిది కాదు చాచా."

"చెయ్యి సంగతి ఇడ్సిపెట్టు. టైల్ సంగతి చెప్పు."

వంగి చూశాను. మూడింటిలోనూ పగులు, రెండు కోతలు కలిసే లోపలి మూల నుంచే మొదలైంది. అక్కడ ఒక కోత వెంట్రుకవాసి ముందుకు పోయింది. అది కనబడ్డాక నా సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

"ఆ మూలకు ముందుగాలనే సన్న బొక్క పెడితే? కోత ఆడికొచ్చి ఆగుతది గద?" అనడిగాను.

చాచా గడ్డం గోక్కున్నాడు. "ఏమో. గింత పెద్ద టైల్స్ నాక్కూడ కొత్తనే. యల్లా, చేసి సూద్దాం."

అంత పెద్ద మేస్త్రీ నోట 'కొత్త' అన్న మాట వినడం నాకదే మొదలు. డ్రిల్లు తెచ్చాం. నాలుగోది బొక్క పెడుతుండగానే పగిలింది. నీళ్ళు పోస్తూ మెల్లగా తిప్పితే ఐదోది నిలిచింది. కోత కూడా బొక్క దగ్గరికొచ్చి ఆగింది. చాచా నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. కోత మనిషి తిరిగొచ్చాక కూడా ఆ మిషన్‌ను నా దగ్గరే ఉండనిచ్చాడు.

ఆ శుక్రవారం నజ్మా పేటలో ఒక హోటల్‌కు చాయ్ తాగడానికి పోతే నా చూపంతా నేల మీదే. ఒక స్తంభం చుట్టూ టైల్‌ను గుండ్రంగా కోసి అతికించారు. వంగి వేలితో తడుముతున్నాను.

"ఏమన్న పడిపోయిందా అన్నా?" అన్నాడు చాయ్ తెచ్చినాయన.

"లేదు తమ్మీ. ఈ గుండ్రం ఎట్ల కోసిన్రో సూస్తున్న."

ఆయనకూ తెలియదు. మర్నాటి నుంచి విల్లాలో మిగిలిన ముక్కల మీద ప్రయత్నించాను. గుండ్రం కుదరడానికి నెల పట్టింది.