నూనె నాకు, కుట్టు ఆడబిడ్డకు

మా అత్త పోయిందని అనంతపురం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఆమె కుట్టుమిషన్ మీద దుమ్ము తుడుస్తున్నాను. "అమ్మ పోయింది మే," అన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన సగం కూడా తుడిచేశాను. అత్త ఇంటికి వచ్చేసరికి మిషన్ మీద దుమ్ము కనిపించకూడదు. ఇన్నేళ్ల అలవాటు. తుడుస్తూనే ఏడ్చాను. ఆ ఏడుపులోనే ఇంకో మాట కూడా మనసులోకి వచ్చింది. ఇక ఈ మిషన్ ఎవరిది? నాదా, మా ఆడబిడ్డదా?

అది మా మామ ఒక ముసలి దర్జీ దగ్గర కొన్న మిషన్. కాలితో తొక్కేది. నల్లటి మెడ మీద బంగారు రంగు తీగలు సగం అరిగిపోయాయి. నేరుగా కుట్టడం తప్ప దానికి ఇంకేమీ రాదు. కాజాలు వేయదు, అంచులు అల్లదు. "నేరుగా కుట్టేకి వస్తే సాలు, మిగతాది చెయ్యి చేసుకుంటాది," అనేది అత్త. మా వీధి చివర బండలు పాలిష్ పట్టే షెడ్లు ఉన్నాయి. మా తాడిపత్రిలో ఆ తెల్లపొడి అన్నం గిన్నెలోనూ పడుతుంది. నూనె మీద పడితే బంకలా పట్టుకుంటుంది. అందుకే అత్త రోజూ ఆ మిషన్‌ను బిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచేది.

నాది కంబదూరు పక్క పల్లె. మా ఇంట్లో తలకు, దీపానికి, తలుపు మడతబందుకు అన్నిటికీ శెనక్కాయ నూనే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, మిషన్ బరువుగా తిరుగుతోందని, అత్త మెచ్చుకుంటుందని, వంటింట్లోంచి ఆ నూనే తెచ్చి రంధ్రాలన్నిటిలో పోశాను. కొన్నాళ్లకు చక్రం కదలనంది. అత్త వంగి వాసన చూసింది.

"ఏమ్మే, మిషన్‌కు తిరగవాత పెట్టినావా? రెండు ఆవాలు కూడా ఎయ్యకపోయినావా!"

వీధంతా నవ్వింది. ఆమె మాత్రం తిట్టలేదు. కిరసనాయిలు తెప్పించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో భాగం నాతోనే విప్పించింది. సూది కింది పలక తీస్తే, బట్టను ముందుకు తోసే పళ్ల మధ్య నూలుపీచు గూడు కట్టి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో దాన్ని తీయించింది. "పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు ఎయ్యల్ల నూనె. ఎక్కువైతే కక్కుతాది, బట్టంతా మరకే," అంది. ఆ రోజు నుంచి మిషన్ బాగోగులు నావి. తోలుబెల్టు వదులైతే కొస కత్తిరించి మళ్లీ కొక్కెం వేయడం, సూది మొన విరిగిందేమో గోటి మీద గీసి చూడటం, అన్నీ నేర్పింది. కుట్టడం మాత్రం నేర్పలేదు. అది మా ఆడబిడ్డకే.

ఆడబిడ్డను యాడికి అనే ఊళ్లో ఇచ్చారు. మా ఆయనకు అక్క. వచ్చీ రాగానే స్టూలు మీద కూర్చునేది. పొద్దున నేను నూనె వేసిన మిషన్ ఆమె కాలి కింద పరుగులు తీసేది. అత్త ఆ కుట్టు మీద వేలు జరుపుతూ, "చూడు మే, ఎంత నేరుగా ఉండాదో!" అని నన్ను పిలిచి చూపించేది. నాకు కడుపు మండేది. ఆయుధపూజ నాడు మిషన్‌కు విభూతి, బంతిపూల దండ, దాని మీద ఒక కొత్త రవికగుడ్డ పెట్టేవాళ్లం. ఆ గుడ్డ ఏటా ఆడబిడ్డకే పోయేది. నేను వంటింటి గడపలోంచి చూసేదాన్ని.

ఒకసారి ధైర్యం చేశాను. "అత్తా, నేనూ తొక్కి చూసేదా?" ఆమె లేచి స్టూలు ఇచ్చింది. తొక్కాను. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కుమంది. మళ్లీ తొక్కితే మళ్లీ అంతే.

"నీ కాలు సిగ్గుపడతాంది మే. పోవల్లని తొక్కల్ల. నువ్వు, పోవచ్చునా అని అడుగుతాండావు."

నేను లేచిపోయాను. ఇంకోసారి కూర్చోమంటుందని చాలాకాలం ఎదురుచూశాను. ఆమె అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

దినాలు ముగిశాక ఆడబిడ్డ అంది, "అమ్మ మిషన్ నేను ఎత్తుకోని పోతా."

"ఎత్తుకోపోక్కా," అన్నాడు మా ఆయన, నన్ను చూపిస్తూ. "దీనికి కుట్టేకి రాదు కదా. ఈడుండి ఏం చేస్తాది?"

ఆడబిడ్డ మిషన్‌ను వెనక్కి వాల్చి అడుగుభాగంలోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"నూనె యాడ యాడ ఎయ్యల్ల మే?"

"నీకు తెలీదా వదినా?"

"నాకెట్ల తెలుస్తాది? లోపల చెయ్యి పెట్టనిచ్చిందా నన్ను? కుట్టు, లెయ్, పో. అంతే. నీకే అన్నీ విప్పి చూపిచ్చింది. మీరిద్దరూ కిరసనాయిలు గిన్నె ముందర పెట్టుకోని గుసగుసలాడుతాంటే, నేను స్టూలు మీద దిక్కులు చూస్తా కూర్చుంటి. నాకెట్లుండునో నీకేం తెలుసు!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను చూసి ఒకరు కుళ్లుకుంటారని నేనెప్పుడూ అనుకోలేదు. అంత దుఃఖంలోనూ నాకు హాయిగా అనిపించింది. ఆ రంధ్రాలు వేలితో చూపించడం ఎంతసేపు? చూపించలేదు.

"నేనే వచ్చి ఎస్తా," అన్నాను.

"నూనె ఎయ్యేకి యాడికి దాకా వస్తావా?"

"వస్తా. బస్సుండాది కదా."

మా ఆయన నన్ను వింతగా చూశాడు. ఆడబిడ్డ ముక్కు చీదుకుని నవ్వింది. "పీనాసిదానా! ఒక్కటన్నా చెప్పవు కదా."

"చెప్పను."

కుట్టు నాకు ఇవ్వలేదన్న కోపం అత్త మీద ఇంకా పోలేదు. కానీ నూనె చేతులతో ఆమె పక్కన కూర్చున్న ఆ పొద్దులు మాత్రం కన్నకూతురికి కూడా ఇవ్వకుండా నాకే ఇచ్చింది. అందుకు ఆమెకు దండం పెట్టుకుంటాను.

ట్రాలీ ఆటోలో మిషన్‌ను నిలబెట్టి తాళ్లతో కట్టారు. ఆడబిడ్డ పక్కనే కూర్చుని దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఆటో గుంతలో పడగానే కాలిపలక తనంతట తాను ఊగింది. చక్రం మెత్తగా తిరిగింది. సూదిలో దారం లేదు. అయినా అది పైకీ కిందికీ ఆడుతూ, మా వీధి పొడవునా ఏదో కుట్టుకుంటూ పోయింది.