నడవలో ఇరుక్కున్న అల్మారా

ఫ్రేములు కట్టే ఆయనా ఆయన భార్యా విడిపోయారనీ, ఇల్లు చెరిసగం చేసుకున్నారనీ, ముందు గది ఆయనకూ వంటిల్లు ఆవిడకూ వచ్చాయనీ వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఇది మొదట పాలవాడి నోట పుట్టింది. మూలమీది టైలరు దగ్గరికి చేరేసరికి దానికి వకీలు తోడయ్యాడు. కుళాయి దాకా వచ్చేసరికి నట్టింట్లో అడ్డుగోడ కూడా లేచింది. ఇందులో ఏ ఒక్కటీ నిజం కాదు. అడ్డంగా ఉన్నది గోడ కాదు, అల్మారా. అది అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోకుండా నిండు కాపురం మీద నోరు పారేసుకోవడం తప్పు గనక, జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి.

ఫ్రేములాయనది తండ్రి నుంచి వచ్చిన పని. వీధిలో ఏ గోడ చూసినా ఆయన చేతి కోత కనబడుతుంది. పెళ్ళి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, కాలం చేసిన తాతలు, అందరూ ఆయన బిగించిన కర్రల మధ్యే ఉన్నారు. జేబులో టేపు లేకుండా గడప దాటడు గనక కొలతలాయన అన్న పేరు కూడా ఉంది. పెళ్ళి మాటలకని మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన పిల్లను చూడనే లేదట. ఆమె వెనక గోడకు వంకరగా వేలాడుతున్న ఫోటోనే చూస్తూ కూర్చుని, ఆఖరికి ఉండబట్టలేక లేచి దాన్ని సర్ది వచ్చాడు. పిల్ల ఎలా ఉందిరా అని దారిలో తల్లి అడిగితే, మేకు వదులుగా ఉందన్నాడు. అయినా ఆ పిల్ల ఒప్పుకుంది. గోడ మీది ఫోటో కోసం ఇంత బెంగపడే మనిషి పక్కనున్న మనిషి కోసం పడకపోతాడా అనుకుంది కాబోలు.

మనిషి సంగతి ఎలా ఉన్నా, వంటింటిని మాత్రం ఆయన వదల్లేదు. జిగురు కాచడానికి పాలగిన్నె పట్టుకుపోయేవాడు. రంగు వేసిన కర్రలు పొయ్యి పక్కన ఆరబెట్టేవాడు. అద్దాలు తెచ్చి బియ్యం డబ్బాకు ఆనించి, జాగ్రత్త సుమా అని ఆవిడకే చెప్పి వెళ్ళేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళడిగితే వాళ్ళను కూడా వెంటబెట్టుకుని లోపలికే తెచ్చేవాడు. ఒకసారి ఆవిడ నెత్తికి నూనె పట్టించుకుని కూర్చుని ఉంటే, పక్క బడి హెడ్మాస్టరు గారు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి, ఎటు చూడాలో తెలియక పోపుల డబ్బాను తెగ మెచ్చుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనదు. ఈ గొడవకంతటికీ మూలం అక్కడే ఉంది.

పండగ వచ్చిందంటే ఆ ఇంట్లో ఇద్దరికీ పనే. ఆవిడ అల్లం, నెయ్యి, నువ్వులు వేసి బిస్కెట్లు చేస్తుంది. ఆయన ఫ్రేముల్లో మిగిలిన అట్టముక్కలతో చిన్నచిన్న పెట్టెలు చేసి, లోపల రంగుకాగితం అతికి, అంచుకు జరీదారం చుడతాడు. ఇంటికొక పెట్టె చొప్పున వీధంతా పంచుతారు. ఆ పెట్టెల్లో బిస్కెట్టు కదిలితే ఒట్టు. బిస్కెట్టు కొలిచి మరీ కడతాడు గదా. కాకపోతే పండగ నాటికి పెట్టెలు నిండేవి కావు. పనిమీద వంటింట్లోకి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒకటి నోట్లో వేసుకుని పోయేవాడు. కిందటేడు మాకు సగం పెట్టే ఇచ్చారని ఇప్పటికీ సణిగేవాళ్ళున్నారు. తప్పు ఆవిడది కాదని వాళ్ళకిప్పుడైనా తెలియాలి.

ఆయనకింకో పిచ్చి, పాత సామాన్లు. ముళ్ళు లేని గడియారం, చిలక లేని పంజరం, మూడు కాళ్ళ కుర్చీ, ఏది కనబడినా తెచ్చేస్తాడు. ఈసారి మాత్రం తనకోసం తేలేదు. బిస్కెట్లు ఆరబెట్టుకోవడానికి చీమ దూరని జాలీ తలుపుల అల్మారా ఒకటుంటే బాగుండునని ఆవిడ ఏనాడో అంది. పాత సామాన్ల సంతలో అలాంటిదే కనబడేసరికి ఆయన మనసు పారేసుకున్నాడు. టేకుతో చేసింది, ఒక్క మేకు లేదు, అంతా చెక్కను చెక్కలో దిగగొట్టిన పని. కొలిచాడు. ఇంటికి వచ్చి, దుకాణం నుంచి వంటింటికి పోయే నడవను దాని ఇరుకైన చోట కొలిచాడు. హాయిగా పడుతుంది, ఇంకా చెయ్యి కూడా దూరుతుంది అని తేల్చాడు.

ఫ్రేములు కట్టేవాళ్ళకు లోపలి కొలతే కొలత. లోపల బొమ్మ పట్టాలి, బయట కర్ర ఎంత ఉంటే ఎవరికి కావాలి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన టేపు అలాగే పట్టాడు. అల్మారానూ అలాగే తలుపులు తీసి, లోపల కొలిచి వచ్చాడు.

తోపుడు బండి మనుషులు దాన్ని తలుపులు వంటింటి వైపుకు పెట్టి నడవలోకి తోశారు. మొదట్లో నడవ కాస్త వెడల్పు గనక సగం దాకా వెళ్ళింది. తర్వాత మూలిగింది. గోడకు సబ్బు రాసి, ఒకటి రెండు అంటూ ఊపి తోసేసరికి, సీసాకు బిరడా దిగినట్టు దిగిపోయింది. వెనక్కి లాగితే కాళ్ళు ఊడేటట్టున్నాయి. బండివాళ్ళు చెమట తుడుచుకుని, ఇక మా వల్ల కాదు బాబూ అని వెళ్ళిపోయారు. స్నానాలగది, పడకగది అన్నీ అవతలే. ఇటు ఆయన, దుకాణం, ముళ్ళు లేని గడియారం.

ఆయన మొహం మాడిపోయింది. జీవితమంతా కొలిచిన మనిషి కొలత తప్పాడు. ఇప్పుడు ఆవిడ తిడుతుందని చెవులు రిక్కించి కూర్చున్నాడు. కాసేపటికి అవతల జాలీ తలుపు కిర్రుమంది.

"ఏవండీ, టీ ఎటునుంచి ఇవ్వను?" అని మాత్రం వినబడింది.

ఆ మాట పట్టుకుని ఆయన అల్మారా వెనక చెక్క ఒకటి ఒడుపుగా ఊడదీసి, ఆ కంతకు చక్కగా ఫ్రేము కట్టి, చిన్న తలుపు బిగించాడు. ఆవిడ అటునుంచి అరలో టీ, భోజనం పెడితే ఆయన ఇటునుంచి తీసుకుంటున్నాడు. రంపం పెట్టి కోస్తే ఒక్క పూట పని. కాని అంత పాత చెక్కను కోయడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆవిడ కోయమననూ లేదు. స్నానానికీ నిద్రకీ మాత్రం వీధి తలుపు దాటి, సందంతా తిరిగి, పెరటి గుమ్మం తట్టి లోపలికి పోతున్నాడు. భుజాన తువ్వాలుతో తన ఇంటి తలుపు తానే తట్టుకుంటున్న మగాణ్ణి పాలవాడు చూశాడు. మిగతాది మీకు తెలిసిందే.

ఆయనకు మాత్రం ఏమీ తెలియదు. తెలిసింది ఒక పెళ్ళి ఫోటో వల్ల. కొత్తగా కూతురి పెళ్ళి చేసిన ఒకావిడ ఫ్రేము కట్టించాలని ఫోటో తెచ్చి, బల్ల మీద పెట్టినట్టే పెట్టి మళ్ళీ సంచిలో వేసుకుంది.

"ఏమీ అనుకోకండి. పిల్లలు ఇప్పుడిప్పుడే కాపురం మొదలెట్టారు. ఈ సమయంలో మీ చేతి మీదుగా అంటే..."

"నా చేతికేమైందమ్మా?"

"చేతిక్కాదు లెండి, ఇంటికి," అని, వీధి అనుకునేదంతా మెల్లగా చెప్పి, ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని గుప్పెడు మేకులు కొనుక్కుని వెళ్ళింది.

మొదట ఆయనకు నవ్వొచ్చింది. తర్వాత టీ తాగుతూ ఆలోచించాడు. తర్వాత టీ చల్లారిపోయింది. నిజమేనేమో. ఏ ఆడదైనా ఇంత చెక్క అడ్డంపడితే తీయించమని ప్రాణం తీయదా? ఈవిడ ఒక్క మాట అనలేదు. పైగా అవతల నుంచి కూనిరాగం వినబడుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడకు కూనిరాగం తీయడం వచ్చని ఆయనకు తెలియదు. నా పీడ వదిలిందని సంతోషంగా ఉందన్నమాట. వీధికి తెలిసిన సంగతి తనకే ఆలస్యంగా తెలిసిందన్నమాట.

ఆ రోజు నుంచి ఆయన కాలు నిలవలేదు. ఉన్నట్టుండి రంపం వదిలేసి సందు తిరిగి వెళ్ళేవాడు. పెరటి గుమ్మం తట్టేవాడు. ఆవిడ పిండి చేతులతో వచ్చి తీసేది. ఏం కావాలండీ అంటే ఏమీ లేదనేవాడు. పీట మీద కూర్చుని, ఆవిడ బిస్కెట్లు కోస్తుంటే మొహంకేసి చూసేవాడు. కోపం ఏ మూలైనా కనబడుతుందేమోనని వెతికేవాడు. కనబడక లేచి వచ్చేవాడు. మళ్ళీ కాసేపటికి వెళ్ళేవాడు. ఆ దిగులులో ఒక్క బిస్కెట్టు కూడా ముట్టలేదు. పాపం కాళ్ళబేరానికి వస్తున్నాడని కుళాయి దగ్గర తీర్పు చెప్పేశారు.

ఇంతలో పండగ దగ్గరపడింది. ఆవిడ అక్కగారు చేతిసంచితో దిగింది. ఎక్కడో నాలుగు వీధుల అవతలున్న ఆవిడకు కూడా కబురు చేరింది. సరాసరి పెరటి వైపు నుంచి వెళ్ళి వంటింట్లో కూర్చుంది. ఇవతల ఆయన పెట్టెలకు జరీదారం చుడుతూ, అల్మారాకు చెవి ఆనించాడు.

"నువ్వేం మాట్లాడకు, నాకంతా తెలుసు. బట్టలు సర్దుకో, పండక్కి మా ఇంట్లో ఉందువు గాని. తర్వాత సంగతి తర్వాత."

చెల్లెలు ఉలుకూ లేదు పలుకూ లేదు. బిస్కెట్ల రేకు ఓవెన్‌లోకి తోసిన చప్పుడు ఒక్కటే వినబడింది.

ఆ మౌనం ఆయనకు కోతలా తగిలింది. వెళ్ళనని అనలేదే. ఆయన జరీదారం వదిలేసి, గోడకున్న పెద్ద రంపం తీశాడు. ఆ చెక్క పోతే పోయింది, మనిషి పోకూడదు. ముందు ఆవిడకు చెప్పి కోయాలి గనక రంపం భుజాన వేసుకుని సందులోకి నడిచాడు. కళ్ళు ఎర్రగా, జుట్టు రేగి, చేతిలో రంపంతో ఆయన పెరటి వైపు పోతుంటే కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోయాయి, నీళ్ళు ఎవరూ కట్టెయ్యలేదు. టైలరు షట్టరు సగానికి దించేశాడు.

పెరటి గుమ్మం తట్టాడు. అక్కగారు తీసి, రంపం చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"మరిదిగారూ, ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం."

"మీరుండండి వదినగారూ," అని ఆయన భార్య ముందు నిలబడ్డాడు. "కోసేస్తాను. ఇవాళే కోసేస్తాను. ఇన్నాళ్ళూ అడ్డం తీయమని ఒక్క మాటైనా అనలేదేం నువ్వు? నేనిటు రాకపోతేనే నీకు బాగుందా? ఉన్నమాట చెప్పు."

ఆవిడ చేతికంటిన పిండి దులుపుకుంది. అక్కవైపు ఒకసారి, రంపం వైపు ఒకసారి చూసి, మొగుడి వైపు తిరిగింది.

"మీ టీ, మీ భోజనం అల్మారాలోంచే అందుతున్నాయి. స్నానానికీ నిద్రకీ తప్ప మీకిటు పనేం లేదు. అయినా రోజంతా ఆ సందు చుట్టూ తిరిగి తిరిగి వచ్చి, ఏమీ వద్దంటూ నా మొహం చూస్తూ కూర్చుంటున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ మీరు ఈ వంటింట్లోకి నా కోసం రావడం ఇదే మొదలు. దాన్ని కోసేశారంటే మళ్ళీ ఏ గిన్నెకోసమో వస్తారు."